పలుచని గోడ, పక్క గది మాట

హాలును నడుమకు విడదీసి ఒక పక్కన పదో తరగతి వాళ్లకు చదువుకునే గది చేద్దామన్న ఆలోచన హాస్టళ్లలో కొత్తది కాదు. పూర్వ విద్యార్థులు నాలుగు పైసలు పోగు చేసినప్పుడల్లా ముందుగా వచ్చే మాట ఇదే. "నడుమ ప్లైవుడ్ కొట్టిస్తే అయిపోతది" అంటారు. కొట్టిస్తారు. రిబ్బను కూడా కత్తిరిస్తారు. వారం తిరగకముందే, ఇవతలి గదిలో తొమ్మిదో తరగతి తమ్ముడు గట్టిగా చదివే సాంఘికశాస్త్రం అవతలి గదిలో లెక్కలు చేసుకుంటున్న అన్నకు కంఠతా వచ్చేస్తుంది.

గోడ కట్టకముందే ఈ సంగతి తెలుసుకోవచ్చు. బరువు తక్కువ ఉన్న గోడల గుండా, పైకప్పుల గుండా ఎంత శబ్దం దాటుతుందో ముందుగా అంచనా వేయడం ఈనాడు ఒక శాస్త్రం. అందులో మొదటి మెట్టు ఎక్కడానికి పదో తరగతి వాస్తవ సంఖ్యల పాఠంలోని సంవర్గమానాలు చాలు. మాలో కొందరం కట్టడం పనుల్లో ఉన్నాం కాబట్టి, ఈ సంచికలో ఆ లెక్కను చదువుకునే తమ్ముళ్లకూ, చందా ఇవ్వాలనుకునే అన్నలకూ అర్థమయ్యేలా చెప్పాలనుకున్నాం.

శబ్దం అనగానే మనవాళ్లకు గుర్తొచ్చేది గోల్కొండ. ఫతే దర్వాజా దగ్గర చప్పట్లు కొడితే సుమారు కిలోమీటరు దూరంలో కొండ మీది బాలాహిస్సార్‌లో వినిపిస్తుంది. విహారయాత్రకు వెళ్లిన ప్రతి హాస్టల్ పిల్లవాడూ అక్కడ చేతులు ఎర్రబడేదాకా కొట్టినవాడే. అది శబ్దాన్ని దూరం పంపే విద్య. మనకు కావలసింది ఆపే విద్య, పైగా తక్కువ బరువుతో, తక్కువ డబ్బుతో.

ఇంత రాద్ధాంతం ఎందుకు, మేము గోలలోనే చదివి పైకి రాలేదా అనే పెద్దలు ఉన్నారు. వాళ్లకు న్యూయార్కులోని ఒక బడి సంగతి చెప్పాలి. ఆ బడి పక్కనే ఎత్తు వంతెన మీద రైలు నడిచేది. ఆర్లీన్ బ్రాంజాఫ్ట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త తోటి పరిశోధకుడితో కలిసి అక్కడి పిల్లల పఠన పరీక్షల మార్కులను పోల్చి 1975లో ప్రకటించారు. బడి ఒకటే, పాఠాలు ఒకటే. అయినా రైలు వైపు గదుల్లో కూర్చున్న పిల్లలు రెండో వైపు పిల్లలకన్నా వెనకబడ్డారు. ఆరో తరగతికి వచ్చేసరికి ఆ తేడా దాదాపు ఏడాది చదువంత ఉంది. ఆ తరువాత పట్టాల కింద రబ్బరు మెత్తలు వేశారు, తరగతి గదుల పైకప్పులకు శబ్దం పీల్చే పలకలు బిగించారు. 1981లో ప్రకటించిన రెండో పరిశీలనలో ఆ తేడా పోయింది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 1999లో ఒక సూచన చేసింది. పాఠం నడిచే తరగతి గదిలో ఇతర శబ్దం 35 డెసిబెళ్లు, రాత్రి పడక గదిలో 30 డెసిబెళ్లు దాటకుండా ఉండాలని. హాస్టల్ హాలు సాయంత్రం తరగతి గది, రాత్రి పడక గది. కాబట్టి రెండు సూచనలూ మనవే.

డెసిబెల్ మామూలు స్కేలు లాంటి కొలత కాదు. 10 పెరిగితే శబ్ద శక్తి పది రెట్లు, 20 పెరిగితే వంద రెట్లు, 30 పెరిగితే వెయ్యి రెట్లు. చెవికి మాత్రం 10 తగ్గినప్పుడు శబ్దం సగమైనట్టు అనిపిస్తుంది. ఎదురెదురుగా కూర్చొని మాట్లాడుకునే మాట సుమారు 60 డెసిబెళ్లు. నడుమ గోడ 25 ఆపిందనుకుందాం. అవతల 35 మిగులుతుంది. ఊరు సద్దుమణిగిన రాత్రి ఆ మాట ప్రతి అక్షరం తెలుస్తుంది. 35 ఆపితే గొణుగుడు మిగులుతుంది. 45 ఆపితే చెవి ఒగ్గి వింటే తప్ప తెలియదు.

ఇందులో ఒక తమాషా ఉంది. సీలింగ్ ఫ్యాను తిరుగుతున్నంతసేపు దాని హోరు పక్క గది మాటను కప్పేస్తుంది. కరెంటు పోయి ఫ్యాను ఆగిన మరుక్షణం అవతలి గుసగుస కూడా వినబడుతుంది. గోడ మారలేదు, కప్పి ఉంచిన హోరు పోయింది, అంతే. గోడను పరీక్షించేవాళ్లు ఫ్యాను బందు చేసి పరీక్షించాలని మేము చెప్పేది ఇందుకే.

బరువు లెక్క

శబ్దం గోడలోంచి నీళ్లలా ఇంకిపోదు. గాలిలోని కంపనాలు వచ్చి గోడను తడతాయి. గోడ మొత్తం కంటికి కనబడనంత స్వల్పంగా ఊగుతుంది. ఆ ఊపు అవతలి గాలిని కదుపుతుంది. అంటే గోడే అవతలి గదికి స్పీకరు అవుతున్నదన్నమాట. ఖాళీ ఎడ్లబండిని ఒక్కడు నెట్టగలడు, చెరకు నిండా ఎత్తిన బండిని నలుగురు పట్టినా కదలదు. గోడ కూడా అంతే, బరువు పెరిగినకొద్దీ గాలి దాన్ని ఊపలేదు. దీన్ని ద్రవ్యరాశి నియమం అంటారు. దీనికి పునాది పందొమ్మిదో శతాబ్దంలో లార్డ్ రేలీ వేశారు.

లెక్క ఇలా చేయాలి. చదరపు మీటరు పలక బరువును కిలోల్లో తీసుకోండి. దాన్ని శబ్దపు పౌనఃపున్యంతో, అంటే హెర్ట్జులతో గుణించండి. వచ్చిన సంఖ్యకు 10 ఆధారంగా సంవర్గమానం తీసి, 20తో గుణించి, 47 తీసివేయండి. మిగిలింది ఆ పలక ఆపగల డెసిబెళ్లు.

12 మిల్లీమీటర్ల ప్లైవుడ్ చదరపు మీటరుకు సుమారు 7.2 కిలోలు. మాటకు నడిమి స్థాయి 500 హెర్ట్జులు అనుకుందాం. గుణిస్తే 3600. సంవర్గమానం 3.556. 20తో గుణిస్తే 71. అందులోంచి 47 పోతే 24. పైన మనం చెప్పుకున్న "ప్రతి అక్షరం తెలిసే" గోడ ఇదే. అర మిల్లీమీటరు ఇనుప రేకు 4 కిలోలే కాబట్టి 19 డెసిబెళ్లు ఆపుతుంది. చార్మినార్ రేకుల వంటి 6 మిల్లీమీటర్ల సిమెంటు రేకు 10 కిలోల పైచిలుకు, అది 27 దాకా ఆపగలదు. ముడతల రేకైతే ఇంకొంచెం తక్కువే. తొమ్మిది అంగుళాల ఇటుక గోడ 440 కిలోలు. కాగితం మీద 60 వస్తుంది గానీ కట్టిన గోడను కొలిస్తే 50 దగ్గర ఆగుతుంది. మా తాతల నాటి మూరెడు మందం మట్టిగోడల ఇళ్లలో పక్క గది గొడవ పక్క గదిలోనే ఉండిపోయేది. అది ఆ కాలపు మనుషుల మర్యాద వల్ల మాత్రమే కాదు.

బరువు రెట్టింపు చేస్తే లాభం 6 డెసిబెళ్లే. ఒక ప్లైవుడ్ మీద ఇంకొక ప్లైవుడ్ అతికిస్తే 24 కాస్తా 30 అవుతుంది. ఈ దారిలో 48కి చేరాలంటే పదహారు పలకలు ఒకదాని మీద ఒకటి వేయాలి. ఏడున్నర అంగుళాల ప్లైవుడ్ గోడ! దానికన్నా ఇటుక కొనుక్కోవడం నయం.

నయమే, కానీ మేడ మీది హాలులో కింద దూలం లేనిచోట ఇటుక గోడ కట్టనివ్వరు. 20 అడుగుల పొడవు, 10 అడుగుల ఎత్తున నాలుగున్నర అంగుళాల ఇటుక గోడ కట్టి రెండు పక్కలా ప్లాస్టరింగ్ చేస్తే నాలుగున్నర నుంచి ఐదు టన్నుల బరువు. స్లాబు నడిమధ్యన అంత బరువు పెట్టడానికి ఏ ఇంజినీరూ సంతకం పెట్టడు, పెట్టకూడదు కూడా. అందుకే తేలిక గోడ గురించి తెలుసుకోవలసిన అవసరం.

పై సూత్రంలో పౌనఃపున్యం ఉన్న సంగతి గమనించారా? సన్నని శబ్దాన్ని గోడ బాగా ఆపుతుంది, బొంగురు శబ్దాన్ని ఆపలేదు. డీజే డబ్బాల దడదడ 63 హెర్ట్జుల దగ్గర ఉంటుందనుకొని అదే ప్లైవుడ్‌కు లెక్క వేయండి, 6 డెసిబెళ్లు వస్తుంది. ఇనుప రేకుకు సుమారు ఒకటే వస్తుంది. పెళ్లి ఊరేగింపు వీధి మలుపు తిరగకముందే రేకుల గదిలో గుండెలు అదరడానికి కారణం ఇది. దీనికి తేలిక గోడతో మందు లేదు, చట్టంతోనే ఉంది. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియంత్రణ నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు బయట లౌడ్‌స్పీకర్లు వాడరాదు, ప్రభుత్వం ప్రత్యేకంగా సడలించిన కొద్ది రోజులు తప్ప. విద్యాసంస్థల చుట్టూ 100 మీటర్ల మేర నిశ్శబ్ద మండలంగా ప్రకటించిన చోట పగలు 50, రాత్రి 40 డెసిబెళ్లే హద్దు.

ప్లైవుడ్‌కు ఇంకొక జబ్బు కూడా ఉంది. తడి దుప్పటిని ఇద్దరు చెరొక కొస పట్టి దులిపితే దాని మీద అల పరుగెత్తుతుంది కదా, పలకలో కూడా అలాంటి వంపు అలలు నడుస్తాయి. ఏదో ఒక పౌనఃపున్యం దగ్గర గాలిలోని అల, పలకలోని అల అడుగులో అడుగు వేసి నడుస్తాయి. అక్కడ గోడ తలుపు తీసినట్టే అయిపోతుంది. జర్మనీ శాస్త్రవేత్త లోథర్ క్రెమర్ 1942లో దీన్ని వివరించారు. 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్‌కు ఈ బలహీన స్థానం 1700, 2000 హెర్ట్జుల నడుమ వస్తుంది. మాటలోని హల్లులను విడదీసి పట్టుకోవడానికి చెవికి అవసరమైన భాగం సరిగ్గా అదే. పక్క గదిలో పాఠం వినబడడమే కాదు, అర్థం కూడా కావడం ఇందువల్లే.

ఒక గోడ బదులు రెండు సగాలు

తేలిక గోడతో పని సాధించే ఉపాయం బరువు పెంచడంలో లేదు, ఉన్న బరువును రెండుగా చీల్చడంలో ఉంది. ఇవతల ఒక పలక, అవతల ఒక పలక, నడుమ గాలి. ఇవతలి పలక ఊగినా ఆ ఊపు గాలిని దాటి రెండో పలకను ఊపాలి. ఆల్బర్ట్ లండన్ అనే అమెరికా శాస్త్రవేత్త 1950లో ఈ జంట గోడల లెక్కను సిద్ధాంతంగా ప్రకటించారు. ఒంటి పలకలో పౌనఃపున్యం రెట్టింపైతే 6 డెసిబెళ్ల లాభమే. జంట పలకల్లో సిద్ధాంతం ప్రకారం 18 దాకా రావచ్చు.

అయితే నడుమ గాలి స్ప్రింగులా పనిచేస్తుంది. రెండు బరువులు, మధ్యలో స్ప్రింగు ఉంటే ఒకచోట అనునాదం తప్పదు. రెండు అంగుళాల ఎడంతో రెండు 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్‌లు బిగిస్తే ఆ అనునాదం సుమారు 140 హెర్ట్జుల దగ్గర వస్తుంది. మగవాళ్ల గొంతులోని అడుగు స్థాయి అక్కడే ఉంటుంది. ఆ ఒక్క చోట జంట గోడ ఒంటి గోడకన్నా అధ్వాన్నం. ఎడం నాలుగు అంగుళాలు చేస్తే అనునాదం 100 దగ్గరికి దిగుతుంది. పలకల బరువు పెంచితే ఇంకా దిగుతుంది. ఎంత కిందికి దిగితే మాటకు అంత మేలు.

నడుమ ఖాళీలో రాక్‌వూల్ గానీ గ్లాస్‌వూల్ గానీ నింపాలి. అవి శబ్దాన్ని తమ పోగుల్లో తిప్పి తిప్పి అలసిపోయేలా చేస్తాయి. థర్మోకోల్ ఆ పని చేయదు. గాలి దాని లోపలికి వెళ్లలేదు, పైగా గట్టిగా ఉండి రెండు పలకలనూ కలిపేస్తుంది. గోడకు కోడిగుడ్ల అట్టలు అతికించడం కూడా ఎక్కడో చూసి చేసే పని. గదిలో మారుమోత కొంచెం తగ్గుతుందేమో గానీ అవతలికి పోయే శబ్దాన్ని అవి ఆపలేవు. మన దగ్గర వరి ఊక, గడ్డి ఊరికే దొరుకుతాయి కదా అని కూరవద్దు. ఎలుకలు చేరతాయి, నిప్పు రవ్వ పడితే పిల్లలుండే చోటు అది.

అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసేది వడ్రంగి తెలియక చేసే పని. రెండు పలకలనూ ఒకే చెక్క ఫ్రేముకు అటూ ఇటూ మేకులతో గట్టిగా బిగిస్తాడు. ఇవతలి ఊపు గాలిని దాటాల్సిన పని లేకుండా చెక్క మీదుగా నడిచి పోతుంది. రెండు పలకలకు వేరు వేరు ఫ్రేములైనా ఉండాలి, లేదా కొంచెం వంగే పలుచని ఇనుప రేకు ఫ్రేము అయినా ఉండాలి. 3 అంగుళాల ఇనుప ఫ్రేముకు ఇరువైపులా 12 మిల్లీమీటర్ల జిప్సం బోర్డు ఒక్కొక్కటి కొట్టి లోపల రాక్‌వూల్ నింపితే ప్రయోగశాలలో 40 నుంచి 45 డెసిబెళ్లు వస్తుంది. ఇరువైపులా రెండేసి బోర్డులు వేస్తే 50 దగ్గరికి వెళ్తుంది. దాని బరువు చదరపు మీటరుకు 40, 45 కిలోలు. అంటే తొమ్మిది అంగుళాల ఇటుక గోడలో పదో వంతు బరువుతో, మాట వరకు, ఇంచుమించు దానంత పని. డీజే దడకు మాత్రం ఇటుకదే పైచేయి. జిప్సంకు తడి పడదు కాబట్టి వాన కురిసే రేకుల షెడ్డులో అడుగు భాగానికైనా సిమెంటు ఫైబర్ బోర్డు వాడడం మంచిది.

ఇక్కడిదాకా గోడ సంగతి. కానీ శబ్దం గోడ గుండానే రావాలని నియమం లేదు.

హాలు ఎత్తు 12 అడుగులు, మనవాళ్లు 10 అడుగుల దాకా అడ్డం కట్టి పైన రెండు అడుగులు గాలి కోసం వదిలేశారనుకుందాం. మొత్తం విస్తీర్ణంలో ఆరో వంతు తెరిచి ఉంది. ఆరో వంతు శక్తి నేరుగా దాటితే, సంవర్గమానం తీసి చూడండి, ఆ అడ్డం ఆపేది 8 డెసిబెళ్లకు మించదు. కింది 10 అడుగులు బంగారపు ఇటుకలతో కట్టినా అంతే. నూటికి ఒక వంతు సందు ఉన్నా 20కి మించి రాదు. వెయ్యికి ఒక వంతు ఉన్నా 30కి మించదు. 200 చదరపు అడుగుల గోడలో వెయ్యో వంతు అంటే అయిదున్నర అంగుళాల పలక పట్టేంత చదరం. తలుపు కింది సందు ఒక్కటే దానికన్నా ఎక్కువ ఉంటుంది.

తలుపు లెక్క కూడా చూద్దాం. అదే 200 చదరపు అడుగుల గోడలో 45 డెసిబెళ్లు ఆపే భాగం 179, 20 మాత్రమే ఆపే మామూలు తలుపు 21 చదరపు అడుగులు. రెండూ కలిపితే సగటున 30 కూడా రాదు. గోడకు పెట్టిన ఖర్చులో సగం ఆ తలుపు తినేసింది. వీలైతే నడిమి గోడకు తలుపు పెట్టకుండా రెండు గదులకూ వరండా వైపు వేరు తలుపులు పెట్టడమే తెలివైన పని.

ఇవన్నీ ఆపినా శబ్దం చుట్టు దారిన వస్తుంది. అడ్డానికి రెండు వైపులా ఒకే ఫాల్స్ సీలింగ్ సాగి ఉంటే అది ఎక్కి దాటుతుంది. ఒకే రేకు కప్పు రెండు గదుల మీదుగా పోతే రేకు మీదుగా నడుస్తుంది. ఈ చుట్టు దారులన్నిటినీ కలిపి లెక్కగట్టే పద్ధతిని యూరప్ దేశాలు 2000లో ప్రమాణంగా తెచ్చాయి. అది ఇటుక, కాంక్రీటు వంటి బరువు ఇళ్లకు బాగా సరిపోయింది. చెక్క ఇళ్లకు, బోర్డు గోడలకు అంతగా సరిపోలేదు. ఎందుకంటే తేలిక గోడలో ప్రతి స్క్రూ, ప్రతి అతుకు శబ్దానికి ఒక దారే. చాలా దేశాల పరిశోధకులు 2008 నుంచి 2012 వరకు కలిసి పనిచేసి ఆ లోటు పూడ్చే ప్రయత్నం చేశారు. 2017లో ఐఎస్ఓ 12354 పేరుతో వచ్చిన అంతర్జాతీయ ప్రమాణంలో తేలిక కట్టడాలకూ పద్ధతి చేర్చారు. అయినా ఒకే నమూనాతో, ఒకే మేస్త్రీ కట్టిన రెండు గదులను కొలిస్తే కూడా అంకెలు వేరు వేరుగా వస్తుంటాయి. కాబట్టి ప్రయోగశాల అంకెలోంచి 5 తగ్గించుకొని ఆశపడడం మంచిది.

వాన సంగతి వేరు. రేకు మీద వాన పడుతున్నప్పుడు ద్రవ్యరాశి నియమం పక్కకు పోతుంది. శబ్దం బయటి గాలిలో పుట్టి లోపలికి రావడం లేదు, ప్రతి చినుకూ రేకునే డప్పులా కొడుతున్నది. ప్రయోగశాలల్లో దీన్ని కొలవడానికి కృత్రిమ వాన కురిపిస్తారు. భారీ వానకు గంటకు 40 మిల్లీమీటర్లు, చినుకు 5 మిల్లీమీటర్లు, వేగం సెకనుకు 7 మీటర్లు అని లెక్క. రేకుల మీద గడ్డి పరిచే మనవాళ్ల అలవాటు ఎండ కోసమే అయినా చినుకు దెబ్బను కూడా మెత్తబరుస్తుంది. లోపల కప్పు కింద సందులు లేకుండా సీలింగ్ వేసి పైన రాక్‌వూల్ పరిస్తే ఇంకా మేలు, వేసవిలో వేడి కూడా తగ్గుతుంది. పదో తరగతి పరీక్షలు వానాకాలంలో రావు గానీ త్రైమాసిక పరీక్షలు వస్తాయి. ఒక హెచ్చరిక: పాత ఆస్బెస్టాస్ రేకులను కోయడం, వాటికి రంధ్రాలు వేయడం పిల్లల దగ్గర చేయించవద్దు. ఆ దుమ్ము ఊపిరితిత్తులకు ప్రమాదం, క్యాన్సరు కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది.

ఇక చందా వేసుకొని గది కట్టించే అన్నలకు ఒక మాట. ఒప్పందం కాగితంలో "ప్లైవుడ్ పార్టిషన్" అని రాసి ఊరుకోవద్దు. పైకప్పు దాకా కట్టాలని, రెండు పలకల మధ్య ఎడం ఎంతో, లోపల ఏం నింపాలో, అంచుల్లో సందులు దేనితో పూడ్చాలో రాయించండి. స్విచ్చు బోర్డులు రెండు వైపులా ఒకదానికొకటి వీపు కలిపి పెట్టకుండా అడుగు దూరం జరిపించండి. పని అయ్యాక రాత్రిపూట ఒక గదిలో లైట్లన్నీ వేసి, రెండో గదిలో ఆర్పేసి చీకట్లో నిలబడి చూడండి. ఎక్కడ వెలుగు గీత కనబడితే అక్కడ చాక్‌పీసుతో గుర్తు పెట్టి పూడ్పించండి. తరువాత ఫ్యాన్లు ఆపి, ఒక గదిలో ఒకరు పాఠ్యపుస్తకంలో ఏదో ఒక పేజీ మామూలు గొంతుతో చదవాలి. రెండో గదిలో ఇంకొకరు కాగితం, పెన్ను పట్టుకొని వినబడినంత రాయాలి. రాసిన కాగితం తెల్లగా ఉంటే చివరి కంతు డబ్బు ఇవ్వవచ్చు. నాలుగు వాక్యాలు ఉంటే మేస్త్రీని మళ్లీ పిలిపించాలి.